రగ్గు కప్పుకుంటే తుమ్ము... మంట వేసుకుంటే దగ్గు!

పుష్యమాసం రాత్రి. నల్లమల మీద అమ్రాబాద్. పొద్దు గూకేసరికే వీధులు ఖాళీ. కింద మైదానంలో ఒక దుప్పటితో సరిపెట్టుకునే రోజుల్లో కూడా ఈ పీఠభూమి మీద రెండు కావాలి. చుట్టూ 2,611 చదరపు కిలోమీటర్ల పులుల అభయారణ్యం, పైన చుక్కలు, చెవులు కొరికే చల్లగాలి. పట్నం నుంచి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు 'అబ్బ, ఇలాంటి నిద్ర ఎన్నాళ్లయింది!' అనుకుంటారు.

కానీ వాడకొకటైనా నిద్రలేని ఇల్లు ఉంటుంది. పడుకున్న పది నిమిషాలకే తుమ్ములు మొదలు. ఒక ముక్కు మూసుకుపోతుంది. అటు తిరిగి పడుకుంటే ఇంకోటి మూసుకుపోతుంది. నోరు తెరిచి ఊపిరి తీస్తే గొంతు పిడచకట్టుకుపోతుంది. మూడు దాటాక దగ్గు తెర, దాని వెనకే ఛాతీలో పిల్లికూతలు. తెల్లారేసరికి మళ్లీ మామూలు మనిషే. ఎవరైనా అడిగితే ఇంట్లోవాళ్లు ఒకే మాట చెబుతారు... 'మా వాడికి చలి పడదు' అని.

చలి పడని మాట నిజమే. చల్లగాలి తగిలితే ముక్కు కారుతుంది, ఉబ్బసం ఉన్నవారికి ఛాతీ పట్టేస్తుంది. కానీ అలర్జీ ఉన్నవారి నిద్రను చెడగొట్టేది ఒక్క చలే కాదు. చలి నుంచి కాపాడుకోవడానికి మనం చేసే పనులు కూడా! సందుగలోంచి తీసిన రగ్గు, గదిలోకి తెచ్చుకున్న నిప్పు, గట్టిగా బిగించిన కిటికీ... దోషుల్లో సగానికి సగం మంచం చుట్టూనే ఉంటాయి. చలిని మార్చలేం కానీ వీటిని మార్చుకోవచ్చు.

రాత్రే ఎందుకు?

పగలంతా బాగానే తిరిగిన మనిషికి రాత్రయ్యేసరికి ఈ తిప్పలెందుకు? ఈ ప్రశ్న కొత్తది కాదు. జాన్ ఫ్లోయర్ అనే ఇంగ్లిష్ వైద్యుడు తనే ఉబ్బస రోగి. ఆ జబ్బు మీద 1698లో పుస్తకం రాస్తూ, ఆయాసం తనను నిద్రలోనే పట్టుకుంటోందని గమనించాడు. కారణం ఆయనకు అంతుపట్టలేదు. 'అలర్జీ' అన్న మాటే 1906 దాకా పుట్టలేదు. ఆస్ట్రియాకు చెందిన పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే ఆ ఏడాది దానికి పేరు పెట్టాడు.

ఇప్పుడు తెలిసిన సంగతి ఇదీ. ఒంట్లో వాపును అదుపులో పెట్టే కార్టిసాల్ హార్మోను అర్ధరాత్రి ప్రాంతంలో బాగా తగ్గిపోతుంది. ఊపిరి గొట్టాలు తెల్లవారుజామున నాలుగు గంటల వేళ అందరికీ కాస్త ఇరుకవుతాయి. మామూలు మనిషికి ఆ తేడా తెలియదు. ఉబ్బసం ఉన్నవారికి మాత్రం అదే పెద్ద తేడా. దీనికి తోడు వెల్లకిలా పడుకుంటే ముక్కు లోపలి పొరల్లోకి రక్తం ఎక్కువగా చేరి అవి ఉబ్బుతాయి. అందుకే లేచి కూర్చుంటే తెరుచుకునే ముక్కు పడుకోగానే మూసుకుపోతుంది. తల కింద ఇంకో మెత్త పెట్టుకుంటే కొందరికి హాయిగా ఉండేది ఇందువల్లే.

పిల్లల్లో దీన్ని పోల్చుకోవడం కష్టం. వాళ్లు నిద్ర పట్టలేదని చెప్పరు. కళ్ల కింద నల్లటి చారలు, అరచేత్తో ముక్కును కింది నుంచి పైకి తోసుకునే అలవాటు, ఆ తోపుడుకు ముక్కు మీద పడిన అడ్డగీత, గురక, బళ్లో కునికిపాట్లు. ఇవన్నీ కలిసి కనిపిస్తే పిల్లవాడు మొద్దు అని తీర్మానించే ముందు వాడి ముక్కు సంగతి చూడాలి.

సందుగలోంచి వచ్చిన అతిథులు

సంక్రాంతికి చంకలెత్తనివ్వని చలి శివరాత్రికి శివశివా అంటూ పోతుందని కదా సామెత! ఆ శివరాత్రి వెళ్లాక రగ్గులు, బొంతలు మడతపెట్టి సందుగలో పడేస్తాం. మళ్లీ కార్తీకం వచ్చి, ముక్కు మొదటిసారి చల్లబడిన రాత్రి గబగబా బయటికి తీసి అలాగే కప్పుకుంటాం. అలర్జీ మనిషికి ఆ సీజన్లో అంతకు మించిన చెడ్డ రాత్రి ఉండదు.

ఆ మడతల్లో ఏముంటుందో 1964లో తెలిసింది. ఇంటి దుమ్ములో అలర్జీ కలిగించే అసలు పదార్థం ఏమిటని వెతుకుతున్న నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులకు కంటికి ఆనని పురుగులు దొరికాయి. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండని ఈ దుమ్ము పురుగులకు ఎనిమిది కాళ్లు. సాలెపురుగులకు దూరపు చుట్టాలు. కుట్టవు, కరవవు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. ఒక్కోటి రోజుకు ఇరవై దాకా రెట్ట గుళికలు వేస్తుంది. అలర్జీ తెప్పించేది ముఖ్యంగా ఆ గుళికలే. పురుగు చచ్చినా అవి నెలల తరబడి బట్టలోనే ఉంటాయి.

ఈ పురుగులు నీళ్లు తాగలేవు. గాలిలోని తేమనే ఒంటికి పట్టించుకుంటాయి. వానాకాలం చివర్లో, గాలి ఇంకా చెమ్మగా ఉన్న రోజుల్లో ఇవి బాగా పెరుగుతాయి. చలికాలంలో బయటి గాలి ఎండిపోయినా వాటికి పెద్ద నష్టం లేదు. ఎందుకంటే రాత్రంతా మన ఊపిరి, మన చెమట, మన వెచ్చదనం కలిసి రగ్గు కింద వాటికి కావలసిన వాతావరణాన్ని మనమే తయారుచేసి పెడతాం!

మందు మన పెరట్లోనే ఉంది. పీఠభూమి మీద చలికాలపు పగలు పొడిగా, ఎండగా ఉంటుంది. పురుగుకు గిట్టనివి ఆ రెండే. రగ్గులు, బొంతలు, మెత్తలు వారానికోసారి పగటి ఎండలో మూడు నాలుగు గంటలు, తిరగేసి తిరగేసి ఆరబెడితే చాలావరకు చస్తాయి. అయితే చంపితే సరిపోదు, గుళికలు పోవాలి. అందుకని ఆరాక కర్రతో బాగా దులపాలి. ఆ పని అలర్జీ ఉన్నవాళ్లు చేయకూడదు. చేసేవాళ్లు కూడా ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. ఉతకగలిగినవి ఉతకాలి. చేయి పెట్టలేనంత వేడి నీళ్లలో, అంటే 60 డిగ్రీల దాకా, నానబెడితే పురుగు చావడమూ గుళికలు కొట్టుకుపోవడమూ ఒకేసారి అయిపోతాయి. వేడి నీళ్లకు వీలు లేకపోతే మామూలుగా ఉతికి ఎండలో వేసినా మేలే.

గొంగడి సంగతి వేరు. పాలమూరు పల్లెల్లో కురుమలు దక్కనీ గొర్రెల ఉన్నితో నేసే నల్ల గొంగడికి చింతగింజల గంజి పెడతారు. చలికీ వానకూ దాన్ని మించింది లేదు. కానీ దాన్ని వారం వారం ఉతకలేం. ఉన్ని అలర్జీ నిజానికి అరుదు. ఇబ్బందల్లా అందులో చేరిన దుమ్ముతోనే. కాబట్టి ముక్కుకు తగిలేది గొంగడి కాకుండా చూసుకుంటే చాలు. లోపల ఉతికిన నూలు చద్దరు, దాని మీద గొంగడి. చద్దరు అంచును గొంగడి మీదికి మడిచి గడ్డం దగ్గర ఉంచుకోవాలి. రగ్గుకైతే నూలు గుడ్డతో సంచిలా గలీబు కుట్టి తొడిగితే ఇంకా సుఖం. మెత్తకూ అంతే.

ఇంకో మాట. నులక మంచం మీద పాత చీరలతో కుట్టిన బొంత వేసుకుని పడుకునే ఇంటిని చూసి పేదరికం అనుకుంటాం కానీ, అలర్జీ లెక్కలో దానికి మంచి మార్కులే పడతాయి. బొంత ఉతకవచ్చు, మంచం ఎండలో నిలబెట్టవచ్చు. కొత్తగా కొన్న దళసరి పరుపును ఏం చేస్తాం? దానిలోకి చేరినవి అందులోనే కాపురం పెడతాయి. పరుపు తప్పనివాళ్లు దాన్నంతటినీ చుట్టేసే, జిప్పు ఉన్న దట్టమైన తొడుగు వేసుకోవాలి.

సందుగలో వేసే కలరా ఉండల గురించీ చెప్పుకోవాలి. వాటి వాసనే కొందరికి తుమ్ములు తెప్పిస్తుంది. పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము లోపించిన పసిపిల్లల్లో ఆ ఆవిరి రక్తకణాలను దెబ్బతీస్తుంది. లోపం ఉన్నట్టు ముందుగా తెలియదు కాబట్టి, కలరా ఉండల్లో దాచిన బట్టలను ఉతికి ఎండబెట్టకుండా పసిపిల్లలకు కప్పకూడదు.

అడవి పక్క ఊళ్లలో పడుకోబోయే ముందు పక్క దులపడం అందరికీ అలవాటే. తేలో జెర్రో ఉంటుందేమోనని. ఆ అలవాటు మానమని ఎవరూ చెప్పకూడదు. కాకపోతే పడుకునే గదిలో, పడుకునే నిమిషంలో కాకుండా సాయంత్రమే వాకిట్లోకి తెచ్చి దులిపితే సరి. రాత్రి పక్కను చేత్తో తట్టుకుంటూ టార్చిలైటు వేసి చూసుకోవచ్చు. గదిలోనే దులపక తప్పకపోతే జబ్బు మనిషి ఒక అరగంట బయట ఉండి వస్తే, బరువైన ఆ గుళికలు కిందికి దిగిపోతాయి.

వెచ్చదనం సరే... పొగో?

1940లో క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త ఇదే నల్లమలలో చెంచుల మధ్య ఉండి వాళ్ల జీవితాన్ని నమోదు చేశాడు. ఆ పుస్తకం 1943లో వచ్చింది. గుండ్రటి తడిక గోడ, గొడుగులాంటి గడ్డి కప్పు, చలి రాత్రుల్లో ఆరనివ్వని నిప్పు... కప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేని చోట నిప్పే దుప్పటి. ఆ గుడిసెకు ఒక సౌకర్యం ఉండేది. తడికల సందుల్లోంచి, గడ్డి కప్పులోంచి పొగ ఎలాగోలా బయటపడేది. స్లాబు ఇంట్లో తలుపు మూసి పెట్టిన నిప్పుకు ఆ దారి లేదు.

వంటకు గ్యాసు వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల పథకం వచ్చాక పొయ్యి పొగ చాలా ఇళ్లలో తగ్గింది. కానీ చలికాలం రాగానే పొగ వేరే దారిలో తిరిగొస్తుంది. స్నానాల నీళ్లకు గ్యాసు ఎవరు తగలేస్తారు? తెల్లవారుజామునే వాకిట్లో నీళ్ల పొయ్యి రాజుకుంటుంది. పక్కనే చలిమంట. ఆ వేళకు నేల చల్లబడి, దాని మీది గాలి కదలకుండా పడి ఉంటుంది. పొగ పైకి లేవదు. ఊరి మీద చాపలా పరుచుకుని కిటికీ సందుల్లోంచి లోపలికి వస్తుంది. నాలుగు గంటలకు ఇరుకైన ఊపిరి గొట్టాలకు ఐదు గంటలకు ఈ పొగ తోడు!

పూర్తిగా మానుకోమంటే కుదిరే పని కాదు. పచ్చి కట్టెలు కాకుండా బాగా ఎండినవి వాడితే పొగ సగానికి తగ్గినట్టే అనిపిస్తుంది. పొయ్యిని జబ్బు మనిషి పడుకునే కిటికీకి దూరంగా, గాలి వాలుకు అవతలి వైపు మార్చవచ్చు. ఆ మనిషి మాత్రం చలిమంట దగ్గర కూర్చోకూడదు. చెప్పడం తేలికే... చలిలో నలుగురూ మంట చుట్టూ చేరి ముచ్చట్లాడుకుంటుంటే ఒక్కరిని దూరంగా కూర్చోమనడం మనసుకు కష్టమే. వాళ్లకు వేడినీళ్ల సీసా గుడ్డలో చుట్టి ఇస్తే కొంతలో కొంత మేలు.

దోమల బిళ్లను ఎవరూ పొగ కింద లెక్కెయ్యరు. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఒక బిళ్ల పూర్తిగా కాలితే వచ్చే సన్నటి నుసి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినప్పుడు వచ్చేదానితో సమానమని తేలింది. అదీ తలుపులు బిగించిన గదిలో, రాత్రంతా! దోమతెర కట్టుకుంటే దోమా ఉండదు, పొగా ఉండదు. దాన్ని కూడా ఎండలో వేసి ఉతుకుతుండాలి, అంతే. చంటిపిల్లలకు తలంటి పోసి వేసే సాంబ్రాణి పొగదీ ఇదే వరస. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఆ ముచ్చట మానుకోవడం మంచిది. పిల్లల జుట్టు ఎండలోనూ ఆరుతుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైంది కుంపటి. నిప్పులు ఎర్రగా, పొగ లేకుండా ఉంటాయి కాబట్టి భయం లేదనుకుని గదిలో పెట్టుకుని తలుపు వేసుకుంటారు. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ వాయువు ఆ నిప్పుల నుంచే వస్తుంది. అది రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుంది. నిద్రలో ఉన్నవాళ్లకు నిద్రలోనే ప్రాణం పోతుంది. దీనికి అలర్జీ ఉండక్కర్లేదు. పడుకునే గదిలో నిప్పు ఉండకూడదు, ఒక కిటికీ రెక్క నాలుగు వేళ్ల మందమైనా తెరిచి ఉండాలి. చల్లగాలి నేరుగా ముఖానికి కొట్టకుండా మంచం పక్కకు జరుపుకుంటే చాలు.

పత్తి కుప్ప పక్కన పడక

అమ్రాబాద్, అచ్చంపేట వైపు చలికాలమంటే పత్తి కాలం కూడా. తీసిన పత్తిని ధర వచ్చేదాకా ఇంట్లోనే పోస్తారు. కొన్ని ఇళ్లలో ఒక గది అచ్చంగా దానిదే. చోటు చాలకపోతే పిల్లలకు పడక ఆ కుప్ప పక్కనే, వెచ్చగా ఉంటుందని! పత్తి నుసి, దానితో వచ్చిన ఆకు పొడి, చెమ్మ తగిలితే పట్టే బూజు... మూడూ ఊపిరికి చెరుపే. అలర్జీ ఉన్నవారిని ఆ గదిలో పడుకోబెట్టొద్దు. కుప్ప ఉన్నన్నాళ్లూ తలుపు మూసి, కింద సందులో గుడ్డ పెడితే మంచిది. చొప్ప, కందిపొట్టు పని చేసినవాళ్లు స్నానం చేసి, తలగుడ్డతో సహా బట్టలు మార్చుకున్నాకే మంచమెక్కాలి. చలికి భయపడి ముద్దుగా ఇంట్లోకి తెచ్చుకున్న మేకపిల్లకు కూడా రాత్రి వేరే చోటు చూడాల్సిందే.

తిండి విషయంలో మాత్రం భయం ఎక్కువైపోయింది. పెరుగు, అరటిపండు, జామపండు, నిమ్మకాయ... దగ్గే పిల్లవాడికి చలికాలమంతా ఇవన్నీ బంద్. ఫలానాది తిన్న ప్రతిసారీ దద్దుర్లో ఆయాసమో వస్తుంటే మానాలి. లేకపోతే ఎదిగే పిల్లల నోరు కట్టడానికి కారణం లేదు. రాత్రి పడుకునే ముందు కడుపునిండా తినడం మాత్రం మంచిది కాదు. పులితేన్పులు గొంతులోకి ఎగదన్నితే దగ్గు పెరుగుతుంది.

సర్ది గోళీ వేస్తే సరా?

ముక్కు కారితే మందుల షాపులో అడిగి తెచ్చుకునే పాతకాలపు సర్ది గోళీకి ఒక సుగుణం, ఒక దుర్గుణం... రెండూ ఒకటే. మత్తు! క్లోర్‌ఫెనిరమైన్ లాంటి ఆ మందు నిద్రపుచ్చుతుంది కానీ ఆ నిద్ర నాణ్యమైంది కాదు. మర్నాడు బండి నడిపేవాడికి, పరీక్ష రాసే పిల్లకు ఆ మత్తు వదలదు. సెట్రిజిన్‌లో మత్తు తక్కువ, ఫెక్సోఫెనడిన్‌లో ఇంకా తక్కువ. ఎవరికి ఏది, ఎంత అన్నది డాక్టరు తేల్చాలి.

మూసుకుపోయిన ముక్కును క్షణంలో తెరిచే చుక్కల మందులతో ఇంకో చిక్కు. జైలోమెటాజొలిన్, ఆక్సీమెటాజొలిన్ రకం చుక్కలు మూడు నాలుగు రోజులకు మించి వాడితే ముక్కు వాటికి బానిసవుతుంది. మందు ఆపిన రాత్రి మొదటికన్నా ఘోరంగా బిగుసుకుంటుంది.

రోజూ తిప్పలు పడే ముక్కుకు ఎక్కువగా పనిచేసేవి ముక్కులో కొట్టుకునే స్టిరాయిడ్ స్ప్రేలు. స్టిరాయిడ్ అనగానే భయపడతాం కానీ ఇక్కడ మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. ఆయాసం వచ్చినప్పుడల్లా డాక్టరుకు చూపించకుండా వాడే స్టిరాయిడ్ గోళీలకూ దీనికీ పోలిక లేదు. చిక్కల్లా కొట్టుకునే తీరులో. తల వెనక్కి వాల్చకూడదు, కాస్త ముందుకు వంచాలి. కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో... మొన నడిమి గోడ వైపు కాకుండా చెవి వైపు ఉండాలి. ఒక రాత్రితో ఫలితం రాదు, పూర్తి గుణం కనిపించడానికి వారం రెండు వారాలు పడుతుంది. మూడో రోజే 'పనిచేయలేదు' అని పారేసేవాళ్లే ఎక్కువ. దానికి ముందు మరిగించి చల్లార్చిన నీళ్లలో ఉప్పు కలిపి ముక్కు కడుక్కుంటే మందు బాగా అంటుకుంటుంది. ఆవిరి పట్టడం కాసేపు హాయినిస్తుంది, అంతవరకే. మరిగే గిన్నె మీద పిల్లలను వంచితే ఒళ్లు కాలే ప్రమాదం ఉంది.

ముక్కును పట్టించుకోకపోతే ఉబ్బసమూ అదుపులోకి రాదు. ఉబ్బసం ఉన్నవారిలో ఎక్కువమందికి ముక్కు అలర్జీ కూడా ఉంటుంది. మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో చేప మందు కోసం బారులు తీరేవారిలో పాలమూరు జనం కూడా ఉంటారు. అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందనడానికి శాస్త్రీయ రుజువు లేదు. దాన్ని నమ్ముకుని జూన్‌లో ఇన్‌హేలర్ ఆపేసినవారిని పుష్యమాసపు రాత్రి కాపాడేది ఏమీ ఉండదు.

అడవి దారి, అర్ధరాత్రి

ఇన్‌హేలర్ అంటే 'చివరి మందు' అనీ, అలవాటైతే వదలదనీ ఇంకా నమ్మేవాళ్లున్నారు. నిజానికి అదే మొదటి మందు. ఊపిరి గొట్టాలను అప్పటికప్పుడు తెరిచే ఇన్‌హేలర్ ఒక్కదానితోనే నెట్టుకురావడం ప్రమాదమని, లోపలి వాపును తగ్గించే స్టిరాయిడ్ ఇన్‌హేలర్ తప్పనిసరని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు గట్టిగా చెబుతున్నాయి. నెలలో రెండు మూడు రాత్రులు ఆయాసంతో లేస్తున్నారంటే జబ్బు అదుపులో లేదని అర్థం. ఆ సంగతి పగటిపూట, ఒంట్లో బాగున్నప్పుడు వెళ్లి డాక్టరుకు చెప్పాలి.

ఈ ప్రాంతంలో ఇది ఎందుకంత ముఖ్యమో మ్యాపు చూస్తే తెలుస్తుంది. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర శ్రీశైలం అడవి దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. అత్యవసర వాహనాలకు మినహాయింపు ఉంది. కానీ లోపల అప్పాపూర్ లాంటి చెంచు పెంటలకు (గూడేలను ఇక్కడ పెంటలంటారు) వాహనం చేరడమే పగలు కూడా కష్టం, ఫోను కలవడమూ కష్టమే. అక్కడ ఆయాసం వచ్చాక మందు వెతుక్కుంటే ఆలస్యమైపోతుంది. చలికాలానికి ముందే ఇన్‌హేలర్ ఇంట్లో ఉండాలి, అందులో మందు ఉందో లేదో చూసుకోవాలి, ఇంట్లో ఇంకొకరికైనా వాడటం వచ్చి ఉండాలి.

చిన్నపిల్లలు ఇన్‌హేలర్ నేరుగా పీల్చలేరు, స్పేసర్ అనే గొట్టం కావాలి. అది దొరకని చోట ఏం చేయాలో దక్షిణాఫ్రికా పిల్లల వైద్యులు 1999లో లాన్సెట్ పత్రికలో చూపించారు. అర లీటరు నీళ్ల సీసా! అడుగున ఇన్‌హేలర్ మూతి సరిగ్గా పట్టేంత రంధ్రం చేసి, అందులో ఇన్‌హేలర్ బిగించి, సీసా మూతిని పిల్లవాడి పెదాల మధ్య పెట్టాలి. ఒకసారి నొక్కి, మెల్లగా ఊపిరి తీసి వదలమనాలి. కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేసిందని వాళ్లు నిరూపించారు. ఎన్నిసార్లు నొక్కాలన్నది ముందుగానే డాక్టరును అడిగి, చీటీ మీద రాయించుకుని సీసాకు అంటించుకోవచ్చు.

మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా, ఇన్‌హేలర్‌తో వచ్చిన ఉపశమనం కాసేపటికే పోతున్నా... తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు. మనిషిని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి, ఇన్‌హేలర్ ఇస్తూనే 108కి ఫోన్ చేయాలి. సిగ్నల్ లేని పెంటలోనైతే ఫోను ఏ గుట్ట మీద కలుస్తుందో, అర్ధరాత్రి బండి తీసేది ఎవరో ఇంట్లో అందరికీ ముందే తెలిసి ఉండాలి.